ఒలీవియా కేసు మాటేదీ?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని వ్యాసం హాలీవుడ్ నటి ఒలీవియా డి హావిలాండ్ అందాన్నీ, రెండు ఆస్కార్లనూ, 104 ఏళ్ల నిండు జీవితాన్నీ చక్కగా చెప్పింది గానీ, అసలు ఘట్టాన్ని వదిలేసింది. నచ్చని వేషం వేయనన్నప్పుడల్లా సినిమా నిర్మాణ సంస్థ వార్నర్ బ్రదర్స్ ఆమెను సస్పెండ్ చేసి, జీతం ఆపి, ఆ రోజులన్నిటినీ లెక్కగట్టి ఏడేళ్ల ఒప్పందం చివర అతికించేది. 1943లో గడువు తీరాక కూడా ఇంకో ఆరు నెలలు బాకీ ఉందంది. అంతకుముందు 1936లో బెట్టీ డేవిస్ అంతటి తార లండన్ కోర్టులో ఇదే సంస్థ చేతిలో ఓడినా, ఒలీవియా వెనక్కి తగ్గక దావా వేశారు. ఏడేళ్లంటే క్యాలెండరులోని ఏడేళ్లేనని 1944 డిసెంబరులో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తేల్చింది. ఆ సూత్రాన్ని అక్కడ నేటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. వ్యాసకర్త మెచ్చుకున్న ఆ రెండు ఆస్కార్లూ ఈ గెలుపు తర్వాతివే.

– ఒక పాఠకురాలు, విజయవాడ