చిన్నోడికి పేరు లేదు

అమ్మడూ,

స్కాన్‌లో ఇద్దరున్నారని నువ్వు చెప్పగానే నా మాట ఆగిపోతే సిగ్నల్ పోయిందనుకున్నావు. నాకు చిన్నోడు గుర్తొచ్చాడు.

నీతో పుట్టినవాడు పోయాడని నీకు తెలుసు. ఎలా పోయాడో నేనెప్పుడూ చెప్పలేదు. 1994 డిసెంబరు. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. నువ్వు ముందు పుట్టావు, పావుగంటకు వాడు. కిలోన్నర కూడా లేడు. నువ్వు పాలు అందుకున్నావు. వాడు రెండు గుక్కలకే అలిసి నిద్రపోయేవాడు. ఏడవడం లేదు కదా, కడుపు నిండిందనుకున్నాను. ఆ చలిలో రోజూ స్నానం పోశారు, విడిగా గుడ్డలో చుట్టి పడుకోబెట్టాం. తొమ్మిదో రోజు తెల్లారేసరికి ఒళ్లు చల్లబడిపోయి ఉంది. జంట అరటిపండు తిన్నావా అని అడిగినవాళ్లున్నారు గానీ, వాణ్ణి గుండెకు ఆనించుకోమన్నవాళ్లు లేరు.

ఆశా కార్యకర్తగా చేరాక శిక్షణలో బొమ్మను బిడ్డలా రొమ్ముల మధ్య ఒంటికి ఆనించి కట్టి చూపించినప్పుడు బయటికెళ్లి ఏడ్చాను. 1978లోనే కొలంబియాలో, బొగోటా నగరంలో, ఎడ్గార్ రే అనే డాక్టరు ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి అది. 2021లో తేలిందేమిటంటే, 1 నుంచి 1.8 కిలోల బిడ్డల్ని కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే అలా పెట్టుకుంటే, మొదటి 28 రోజుల మరణాలు పాతిక శాతం తగ్గుతాయి. ఆ పరీక్ష మన ఢిల్లీలోనూ, మీ నైజీరియాలోనూ, మరో మూడు ఆఫ్రికా దేశాల్లోనూ జరిగింది.

మీ పక్కింటి యొరూబా జాతి ఆవిడ చూపించిన చెక్కబొమ్మ ఫొటో రోజూ చూస్తున్నాను. కవలల్లో ఒకరు పోతే, ఆ బొమ్మకు తల్లి స్నానం చేయించి, నూనె రాసి, తిండి పెట్టేదట. వాళ్లలో ముందు పుట్టిన బిడ్డ తైవో, తర్వాతి బిడ్డ కెహిండే. పుట్టిన వరసే పేరు. మన చిన్నోడికి ఇరవయ్యొకటో రోజు పేరు పెడదామనుకున్నాం.

సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో 2009–14 నాటి లెక్కల్లో కూడా కవలల్లో ఐదుగురికొకరు ఐదేళ్లు నిండకుండానే పోయారు. ఒంటరిగా పుట్టినవాళ్లలో వందకు ఏడుగురు. ఇది నిన్ను భయపెట్టడానికి రాయలేదమ్మా. లోపల మాయ (ప్లాసెంటా) ఒకటా, రెండా? డాక్టర్ని అడిగి వెంటనే చెప్పు. ఒకటే అయితే స్కాన్లు తరచుగా తీయాలి. నెలలు నిండకుండా పుట్టే బిడ్డల్ని చూసే వసతి ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు. ఏడో నెల రాకముందే బయలుదేరు.

ముందువైపు విప్పుకునే వదులు జాకెట్లు నాలుగు కుట్టించాను. రెండు నీకు, రెండు నాకు.

అమ్మ