మూడు రోజులు వలలు ఎత్తి మాకు చెరువునిచ్చిన అన్నలకు

మా చెరువు మీద బడి పిల్లల పడవ పోటీలు అయిపోయి వారం దాటింది. తెడ్లు కడిగి ఆరబెట్టడం, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి ఎవరివి వాళ్ళకు పంపడం, ఇవ్వాల్సిన డబ్బులు ఇచ్చేయడం, వీటితోనే రోజులు గడిచాయి. ఇవాళ సెలవు. మెల్లగా కూర్చుని, ఎవరినీ మరిచిపోకుండా రాయాలని మొదలుపెట్టాను.

అందరికంటే ముందు మా ఊరి మత్స్యకారుల సొసైటీ అన్నలకు దండాలు. పోటీలు చూడటానికి వచ్చిన చాలామందికి మీరు ఏం వదులుకున్నారో తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నాను. వానాకాలంలో వదిలిన చేప పిల్లలు జనవరికి చేతికొస్తాయి. బొచ్చె, రవ్వ మంచి సైజుకు ఎదిగి ఉంటాయి. రాత్రి వలలు పెట్టి, తెల్లారక ముందే తీసి, నర్సంపేట మార్కెట్‌కు పంపితేనే ఆ ఇళ్ళల్లో ఆ రోజు గడుస్తుంది. కానీ నీళ్ళలో వల ఉంటే మా పడవ నడవదు. తెడ్డు వలలో చిక్కితే వలా తెగుతుంది, పడవా బోల్తా పడుతుంది. ఆ మాట సొసైటీ మీటింగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. పోటీల గురించి, పిల్లల గురించి ఏదేదో చెప్తూ కూర్చున్నాను. చివరికి ఒక పెద్దాయనే అడిగాడు, "అసలు సంగతి చెప్పు బిడ్డా, వలలు ఎన్ని రోజులు తియ్యాలె?" అని. ఒక్క రోజు చాలన్నాను. "పిల్లలు నీళ్ళకు అలవాటు కావద్దా? మూడు రోజులు తీస్తం" అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. నష్టం ఎంతో చెప్తే చందాల్లోంచి కొంతైనా ఇస్తామన్నాను. "చేపలు ఎటు పోతయ్ మేడం, చెరువులనే ఉంటయ్" అని ఆ మాట అక్కడికి ఆపేశారు. మూడు రోజుల కూలి ఎంతో నాకు తెలుసు. ఆ చెరువు మీద బతికే ఇళ్ళన్నీ కలిసి ఆ కూలిని మా పిల్లల కోసం వదిలేశాయి.

ఈ ఆట గురించి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. నేను హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో హుస్సేన్ సాగర్‌లో రోయింగ్, అంటే తెడ్లతో పడవ నడిపే ఆట, నేర్చుకున్నాను. అక్కడి రేసు పడవలు చాలా సన్నవి. ఒక్కరు నడిపేది ఎనిమిది మీటర్ల పైన పొడవుంటుంది, బరువు మాత్రం 14 కిలోల దాకానే. కొంచెం గాలి లేచినా ఊగిపోతుంది. ఒలింపిక్ రేసు మామూలుగా 2000 మీటర్లు, గీత గీసినట్టు తిన్నగా సాగాలి. మా చెరువులో అంత తిన్నని నీళ్ళు ఎక్కడా లేవు. ఉద్యోగం వచ్చి, బడిలో పీఈటీగా ఇక్కడికి వచ్చాక, ఈ ఆట మన దగ్గర కుదరదని చాలా ఏళ్ళు వదిలేశాను.

మనసు మార్చింది కోస్టల్ రోయింగ్. సముద్రపు అలలను తట్టుకునేలా చేసిన పడవలు ఇవి. వెడల్పు ఎక్కువ, బరువూ ఎక్కువే. ఇద్దరు నడిపేది ఏడున్నర మీటర్ల పొడవు, కనీసం 60 కిలోలు. వెనక భాగం తెరిచి ఉంటుంది కాబట్టి లోపలికి వచ్చిన నీళ్ళు వాటంతటవే బయటికి పోతాయి. కొత్తగా నేర్చుకునే పిల్ల కూడా భయం లేకుండా కూర్చోవచ్చు. ఇందులో బీచ్ స్ప్రింట్ అని ఒక రేసు ఉంది. ఒడ్డు మీద పరుగెత్తుకుంటూ వచ్చి పడవ ఎక్కాలి, నీళ్ళ మీద తేలే మూడు గుర్తుల (వాటిని బోయలంటారు) మధ్య మెలికలు తిరుగుతూ 250 మీటర్లు పోవాలి, చివరి బోయ చుట్టూ తిరిగి నేరుగా ఒడ్డుకు రావాలి, దూకి మళ్ళీ పరుగెత్తి గీత దాటాలి. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఇది తొలిసారి పెడుతున్నారు. 250 మీటర్లంటే మా చెరువు చాలు. అది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాకాలలో పెట్టవచ్చు కదా అని చాలామంది అడిగారు. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి అంత పెద్ద చెరువు దగ్గర్లో ఉండగా ఊరి చెరువు ఎందుకని. పాకాల చుట్టూ అభయారణ్యం ఉంది. అక్కడ జంతువులది, పక్షులది మొదటి హక్కు. మైకులు, వందల మంది జనం, ఈలలు అక్కడికి తీసుకెళ్ళడం నాకు మంచిగా అనిపించలేదు. పైగా ఇది ఊరి పండుగ కావాలంటే ఊరి కట్ట మీదే జరగాలి.

పడవలు ఇచ్చిన కాకినాడ వైపు మిత్రులకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. సముద్రంలో ప్రాక్టీస్ చేసే తమ పాత డబుల్ (ఇద్దరు నడిపే) పడవలు రెండు, నాలుగు జతల తెడ్లు, ఒక్క రూపాయి అద్దె లేకుండా ఇచ్చారు. వాళ్ళకు మేమెవరమో తెలియదు. ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడాం, అంతే. "చెరువుల ఊళ్ళో పిల్లలు తెడ్డు పట్టకపోతే ఎట్లా" అన్నారు.

ఆ పడవలు మా ఊరు చేరడమే పెద్ద కథ. మాట్లాడుకున్న ట్రాన్స్‌పోర్టు వాళ్ళు, పడవ పొడవు ఎక్కువ ఉందంటూ ఖమ్మంలోనే దించేసి వెళ్ళిపోయారు. దించేటప్పుడు ఒక పడవ రిగ్గర్ విరిగింది. తెడ్డును పట్టుకుని ఉండే అల్యూమినియం చట్రం అది. అది లేకపోతే పడవ ఉన్నా లేనట్టే. పోటీలకు నాలుగు రోజులే టైం ఉంది. రోడ్డు పక్కన రెండు పడవల ముందు నిలబడి ఏం చేయాలో తోచక ఏడ్చాను. అప్పుడు ఆగాడు ఒక డీసీఎం డ్రైవర్ అన్న. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి దించి నర్సంపేట వైపు ఖాళీగా తిరిగి వెళ్తున్నాడు. పడవలను చూసి, నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా వెనక తలుపు దించాడు. అడుగున గోనె సంచులు పరిచి, పడవల కొసలు బయటికి వచ్చిన చోట ఎర్ర గుడ్డ కట్టి, దారి పొడుగునా మెల్లగా నడిపాడు. ఊరు చేరేసరికి రాత్రి పదకొండైంది. డీజిల్ డబ్బులు తప్ప ఏమీ తీసుకోలేదు. అన్నా, నీ పేరు రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు. పడవల్లో ఇప్పటికీ మిర్చి వాసన వస్తోంది. ఎక్కిన ప్రతి పిల్లా పిల్లోడు అడిగారు, అడిగిన ప్రతివాళ్ళకూ నీ గురించి చెప్పాను.

విరిగిన రిగ్గర్‌ను తీసుకుని మొదట నర్సంపేటలో వెల్డింగ్ షాపుకు వెళ్ళాను. ఆయన చేతిలోకి తీసుకుని చూసి, "ఇది నాతోని కాదు, మామూలు వెల్డింగ్ పెడితే కరిగిపోతది" అని నిజాయితీగా చెప్పాడు. వరంగల్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసే మేస్త్రీకి తనే ఫోన్ చేసి పంపాడు. ఆ మేస్త్రీ పనితనం నేను కళ్ళారా చూశాను. తెడ్డు తిరిగే పిన్ను ఏ మాత్రం వంగినా తెడ్డు నీళ్ళలోకి లోతుగా దిగిపోతుంది లేదా పైకి జారిపోతుంది. ఆ మాట ఒక్కసారి చెప్పానంతే. మంచిగా ఉన్న రిగ్గర్‌ను పక్కన పెట్టుకుని, గుండు దారం వేలాడదీసి, మూడుసార్లు కొలిచి, రాత్రి తొమ్మిది దాకా కూర్చుని అతికించాడు. మేము తిరిగి ఇచ్చేటప్పుడు ఆ అతుకు చూసి కాకినాడ మిత్రులు మెచ్చుకున్నారు. మేస్త్రీ గారికి ఈ మాట చేరాలని రాస్తున్నా.

మొదటి రోజు ప్రాక్టీస్‌లో కట్ట మీద కూర్చున్న తాతలకు ఒకటే అనుమానం, ముందుకు పోవాల్సిన పడవలో వెనక్కి తిరిగి కూర్చోవడమేమిటని. మన తెప్ప మీద ముందుకు చూస్తూ తెడ్డు వేస్తాం. ఇక్కడ పడవ ఎటు పోతుందో అటు వీపు ఉంటుంది, ఎందుకంటే బలమంతా కాళ్ళతో తోసేది. కింద చక్రాల మీద జరిగే సీటు ఉంటుంది. కాళ్ళు చాపుతూ సీటు వెనక్కి జరిగితే తెడ్డు నీళ్ళను తోస్తుంది. సొసైటీలో ఒక అన్న ఎక్కి కూర్చుని, పది నిమిషాల్లో పట్టేశాడు. ముప్పై ఏళ్ళు నీళ్ళ మీద బతికిన మనిషి కదా. ఆ సాయంత్రం నుంచి పిల్లలకు నాకంటే ఆయనే ఎక్కువ నేర్పాడు. తెడ్డు నీళ్ళలో ఇరుక్కుపోతే రోయింగ్ భాషలో "క్రాబ్" పట్టింది అంటారని చెప్పాను. అప్పటి నుంచి చెరువంతా ఒకటే అరుపు, "ఎండ్రకాయ పట్టింది, ఎండ్రకాయ పట్టింది" అని.

నీళ్ళంటే భయపడి ఒడ్డునే కూర్చున్న ఒక అబ్బాయికి దత్తు భోకనాల్ గురించి చెప్పాను. మహారాష్ట్రలో నీటి కరువున్న పల్లె నుంచి ఆర్మీలో చేరి, అక్కడే రోయింగ్ నేర్చుకుని, 2016లో రియో ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో, అంటే ఒక్కరే రెండు తెడ్లతో నడిపే రేసులో, 13వ స్థానంలో నిలిచాడు. మొదట్లో ఆయనకూ నీళ్ళంటే భయమే. "మరి మనోళ్ళు మెడల్ కొట్టలేదా?" అని పక్కనున్న పిల్ల అడిగింది. ఆసియా క్రీడల్లో 2010లో బజరంగ్ లాల్ తాఖర్ తెచ్చిన స్వర్ణం గురించి, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మనవాళ్ళు రోయింగ్‌లో గెలిచిన ఐదు పతకాల గురించి చెప్పాను. ఆ అబ్బాయి రెండో రోజు లైఫ్ జాకెట్ వేసుకుని వచ్చి లైన్‌లో నిలబడ్డాడు.

శిఖం (నీళ్ళు తగ్గాక తేలే చెరువు లోపలి భూమి) పట్టాదారు రైతన్నకు ప్రత్యేకంగా చెప్పాలి. కట్ట వైపు అంతా రాతి కట్టడం, అక్కడ పరుగెత్తితే కాళ్ళు విరుగుతాయి. నీళ్ళు వెనక్కి తగ్గిన శిఖం వైపే వాలుగా ఉంటుంది. కానీ అంతా బురద, పైగా అక్కడికి దారి ఆయన మక్కజొన్న చేనులోంచే. ఆయన రెండు సాళ్ళ మక్క కోసేసి దారి ఇచ్చాడు. రెండు ట్రాక్టర్ల వరి గడ్డి తెచ్చి బురద మీద మందంగా పరిపించాడు. సముద్రం ఒడ్డున ఇసుకలో పరుగెత్తే రేసును మా పిల్లలు వరి గడ్డి మీద పరుగెత్తారు. ఎవరికీ కాలు జారలేదు.

పోటీ రోజు పొద్దున మంచు కమ్మింది. అవతలి బోయ కనపడలేదు. బోయలంటే ఖాళీ ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లే, ఎర్ర రంగు వేసి, రాళ్ళ సంచులు కట్టి నీళ్ళలో వదిలాం. ఎనిమిదిన్నరకు గానీ మొదలుపెట్టలేకపోయాం. ఆ గంటసేపు నాకున్న టెన్షన్ మాటల్లో చెప్పలేను. మహిళా సంఘం అక్కలు పిల్లలందరికీ వేడివేడి అటుకులు పెట్టి కూర్చోబెట్టకపోతే సగం మంది ఇంటికి వెళ్ళిపోయేవారు.

ఈ రేసులో ఒక పద్ధతి ఉంది. పరుగెత్తుకొచ్చే మనిషి ఎక్కే దాకా పడవ అటూ ఇటూ కదలకుండా నీళ్ళలో నిలబడి ఎవరో ఒకరు పట్టుకోవాలి. మా పోటీల్లో ఆ పని పిల్లల తండ్రులు, అన్నలు, మామలు చేశారు. జనవరి చలిలో, నడుముల్లోతు నీళ్ళలో, పొద్దుటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా. గెలిచిన వాళ్ళకు చప్పట్లు కొట్టాం. నీళ్ళలో నిలబడ్డ వాళ్ళను ఎవరూ ఫొటో తీయలేదు. వాళ్ళకు ఇక్కడ చెప్తున్నా: మీరు లేకపోతే ఒక్క రేసు కూడా మొదలయ్యేది కాదు.

మూడో రేసులో తొమ్మిదో తరగతి అమ్మాయికి మలుపు దగ్గర ఎండ్రకాయ పట్టింది. తెడ్డు పిడి పొట్టకు తగిలి నీళ్ళలో పడింది. నేను విజిల్ నోట్లో పెట్టుకునే లోపే థర్మాకోల్ తెప్ప మీదున్న అన్న ఆమె జాకెట్ పట్టుకున్నాడు. నాలుగు తెప్పలు నాలుగు మూలల్లో పొద్దుటి నుంచీ అలాగే కాపలా ఉన్నాయి. ఆ పిల్ల ఒడ్డుకొచ్చి వణుకుతూ ఏడుస్తుంటే ఏఎన్ఎం అక్క చూసి, దెబ్బేమీ లేదంది. వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చింది. బిడ్డను తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళినా తప్పు పట్టేదాన్ని కాదు. ఆమె కొంగుతో తల తుడిచి, "మళ్ళ ఎక్కుతవా?" అని అడిగింది. పిల్ల తలూపింది. తర్వాతి రౌండ్‌లో ఎక్కింది, పూర్తి చేసింది. అమ్మా, ఆ ఒక్క ప్రశ్నకు నేను మీకు జీవితాంతం రుణపడి ఉంటాను.

చివర్లో పెట్టిన తెప్పల పోటీకి కట్ట మీద పడ్డ కేకలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. సొసైటీ అన్నలే దిగారు, అరవై దాటిన వాళ్ళు కూడా. అది వచ్చేసారి మొదట్లోనే పెట్టాలి.

మైక్ సెట్ ఉచితంగా ఇచ్చిన తమ్ముడికి, నీళ్ళ ట్యాంకర్ పంపిన పంచాయతీ వాళ్ళకు, అనుమతి విషయంలో తిప్పకుండా ఒకే రోజులో కాగితం ఇచ్చిన సార్లకు, పక్క రెండు ఊళ్ళ బడుల హెడ్మాస్టర్లకు, టీ చేసిన అవ్వకు అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

రెండు పడవల్లో ఒకటి కాకినాడకు తిరిగి పంపాం. ఇంకోటి మా దగ్గరే ఉంచుకోమన్నారు ఆ మిత్రులు. ఇప్పుడది రైతన్న కొట్టంలో, గడ్డి పరుపు మీద ఉంది. యాసంగి వరికి తూము తెరిచారు కాబట్టి నీళ్ళు రోజూ కొంచెం కొంచెం తగ్గుతున్నాయి. శివరాత్రి దాకా లోతు సరిపోతుంది, ఆ తర్వాత అడుగున ఉన్న మొద్దులు బయటపడతాయి, మళ్ళీ చెరువు నిండి మత్తడి దుంకే దాకా ఆగాల్సిందే. అందుకే ఈ ఆదివారం నుంచే ప్రాక్టీస్ పెడుతున్నాం, పొద్దున ఆరున్నరకు. తూముకు ఎడమ పక్క మూలలో ఇక వలలు పెట్టబోమని సొసైటీ అన్నలు నిన్న వెదురు కర్రలు పాతి హద్దు చూపించారు. పిల్లలు అక్కడికే రావాలి.