ఘనపదార్థాలు నొక్కితే తగ్గవా?

సంపాదకుల వారికి,

‘ఘనపదార్థాల్లో కణాల మధ్య ఖాళీ ఉండదు, కాబట్టి వాటిని సంపీడనం చేయలేం.’ బడి పాఠాల్లోనూ పోటీ పరీక్షల గైడ్లలోనూ తరచూ కనిపించే వాక్యం ఇది. ఇందులో చెప్పిన విషయమూ తప్పే, కారణమూ తప్పే. పీడనానికి బొత్తిగా లొంగని ఘనపదార్థం అంటూ లేదు.

వజ్రాన్నే తీసుకోండి. పరమాణువుల్ని ఒకదానికొకటి ఆనుకున్న గోళాలనుకుని లెక్కేస్తే వజ్రంలో నిండేది 34 శాతం చోటే. పొటాషియంలో 68 శాతం నిండుతుంది. ఖాళీయే కారణమైతే వజ్రమే ముందు కుదించుకుపోవాలి కదా! జరిగేది పూర్తిగా తలకిందులు. మామూలు గాలి పీడనానికి సుమారు 10 వేల రెట్ల పీడనంతో నొక్కితే పొటాషియం ఘనపరిమాణంలో దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. వజ్రంలో తగ్గేది 0.2 శాతం. ఇనుము, ఉప్పు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి.

అసలు కారణం ఎలక్ట్రాన్లలో ఉంది. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగింటితో ఎలక్ట్రాన్లను పంచుకుని, 1.54 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో బిగిసి ఉంటుంది (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు). ఆ కాస్త చోటులో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటాయి. ఇంకా దగ్గరికి నెట్టాలంటే వాటి శక్తి విపరీతంగా పెరగాలి, అందుకే గట్టిగా ఎదురు తిరుగుతాయి. పొటాషియంలో పరమాణువుల మధ్య దూరం 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల పైనే. బంధానికి ఒక్కో పరమాణువు ఇచ్చేది ఒకే ఒక్క ఎలక్ట్రాన్. అంత చోటులో పలచగా పరుచుకున్నవి పెద్దగా అడ్డుకోలేవు.

గ్రాఫైట్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఉన్నది అదే కార్బన్. పొరలోపల పరమాణువుల మధ్య దూరం 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొరకూ పొరకూ మధ్య 3.35. పొరల్ని ఒకదాని మీదికొకటి నొక్కితే సులువుగా దగ్గరవుతాయి. పొర వెంబడి నొక్కితే మాత్రం ఓ పట్టాన లొంగదు. ఒకే ముక్క, ఒక్కో దిక్కున ఒక్కో తీరు. ఇంత చక్కని ఉదాహరణ పిల్లలకు చెప్పకపోవడం బాధగా ఉంటుంది.

ఇవేవీ నిన్నమొన్నటి సంగతులు కావు. అధిక పీడనాలపై చేసిన కృషికి పెర్సీ బ్రిడ్జ్‌మన్‌కు 1946లోనే నోబెల్ వచ్చింది.

పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా విన్నపం ఒక్కటే. ‘సంపీడనం చేయలేం’ అన్నచోట ‘వాయువులతో పోలిస్తే చాలా తక్కువగా కుదించుకుపోతాయి’ అని మార్చండి. పక్కనే వజ్రం, ఇనుము, ఉప్పు, పొటాషియంలతో చిన్న పట్టిక ఇవ్వండి. ‘ఖాళీ లేదు కాబట్టి’ అనే జవాబుకు పూర్తి మార్కులు వేసే పద్ధతి ఈ విద్యా సంవత్సరంతోనే ఆగాలి.

– ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు