సినిమా కబుర్లకు ఒక పావు పేజీ

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక సినిమా పేజీని చాలా ఏళ్లుగా వదలకుండా చదువుతున్న పాఠకుడిగా ఒక విన్నపం చేయదలచి ఈ లేఖ రాస్తున్నాను. ఏ చిత్రం మొదటి రోజు ఎంత వసూలు చేసింది, ఏ కథానాయకుడు తర్వాత ఎవరి దర్శకత్వంలో నటించబోతున్నాడు అన్న వార్తలకు ఆ పేజీలో లోటు లేదు. కానీ సినిమా చూసి ఇంటికి వచ్చిన మనిషి మనసులో మిగిలిపోయిన ఒక్క సన్నివేశాన్ని తోటి ప్రేక్షకుడితో చెప్పుకోవడానికి అందులో అంగుళం చోటు కూడా కనిపించదు. వారానికి ఒక పావు పేజీని పాఠకులు రాసి పంపే సన్నివేశాలకు కేటాయించాలన్నదే నా కోరిక.

ఇందులో కొత్త ఏమీ లేదు. మా వైపు సినిమా సగం తెరమీద, సగం నోటిమీద బతికింది. నా బాల్యం మెట్‌పల్లి దగ్గరి పల్లెలో గడిచింది. మా వాడలో బీడీలు చుట్టని ఇల్లు లేదు. మధ్యాహ్నం వంటపని తీరాక ఏడెనిమిది మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని మా అరుగుమీద చేరేవారు. తునికాకు కత్తిరించే చేతులు వాటి మానాన అవి సాగుతుండగా, కిందటి రోజు పట్నం పోయి సినిమా చూసివచ్చినవారు మిగతావారికి కథ చెప్పాలి. ఆ పనిలో మా చిన్నమ్మ ఆరితేరినది. ఆమె పాట పాడేది కాదు, గొంతు మార్చేది కాదు, అయినా ఎక్కడ ఆపాలో మాత్రం ఆమెకు తెలుసు. ఉత్కంఠ ఘట్టం రాగానే బీడీకి దారం చుడుతున్న నెపంతో ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చునేది, ఆ నిమిషంలో అందరి చేతులూ ఆగిపోయేవి. సాయంత్రం బీడీల టేకేదారు, అంటే గుత్తేదారు, లెక్క చూసి వెయ్యికి వంద తక్కువయ్యాయని గొణిగిన రోజున ఆ సినిమా బాగున్నదని అర్థం.

కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన 'మాయాబజార్'ను నేను మొదట చూడలేదు, ఆ అరుగుమీద విన్నాను. ఘటోత్కచుడి ముందు పరిచిన వంటకాల వరుస చిన్నమ్మ నోట గారెలు, బూరెలతో మొదలై సకినాలు, మలీద ముద్దల దాకా సాగింది. పదేళ్లు గడిచాక, కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో, ఆ చిత్రాన్ని తెరమీద చూసే అవకాశం వచ్చినప్పుడు నేను సకినాల కోసం పళ్లేలన్నీ గాలించాను. అవి లేవు. లేని సకినాలను వెతకబోయి ఎస్.వి.రంగారావు వేళ్లనూ కనుబొమ్మలనూ అంత దగ్గరగా చూశాను కాబట్టి, చిన్నమ్మ చెప్పిన అబద్ధానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇప్పుడు ఆ అరుగు లేదు. దాని బదులు హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఒక సిమెంటు బల్ల ఉన్నది. ఉదయపు నడక ముగిశాక అయిదారుగురం అక్కడ కూర్చుని సినిమాలు చెప్పుకుంటాము. మాలో ఒకరు లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరే ఘట్టానికి మించింది తెలుగు తెరమీద లేదని వాదిస్తారు. నేను ఒప్పుకోను. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నటించిన తీరు నాకు అంతకంటే గొప్పది. 'ఆహ నా పెళ్లియంట' పాట సుశీల గొంతులో హాయిగా సాగుతూ ఉన్నట్టుండి ఘంటసాల గొంతులోకి దూకుతుంది. ముఖం మాత్రం సావిత్రిదే, నడక రాక్షసుడిది. ఆ తర్వాత పెళ్లిపీటల దగ్గర పెళ్లికొడుకు వేషంలో ఉన్న రేలంగి కాలిని ఆమె పాదం తొక్కినప్పుడు మనం నవ్వేది ఆ పాదం మీద కనిపించని ఘటోత్కచుడి బరువు చూసి. ఈ మాట చెప్పగానే లడ్డూల పక్షపాతి కొంచెం తగ్గి, మరోసారి చూసి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.

2023లో వచ్చిన 'బలగం' గురించి మా బల్లమీద జరిగిన చర్చను ప్రత్యేకంగా ప్రస్తావించక తప్పదు. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో పిట్టకు పెట్టుడు, అంటే చనిపోయినవారి పేరున కాకికి ముద్ద పెట్టే ఆచారం, చుట్టూ అల్లిన ఆ కథలో, దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చివర పాడిన ఘట్టాన్ని అందరూ చెప్పుకుంటారు. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశాక ఆ పాట వినడం మరింత కష్టమైంది. అయితే మాలో ఒక పెద్దమనిషి ఆ పాట జోలికి పోకుండా, విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) వేయలేదని అలిగి ఏళ్ల తరబడి అత్తగారింటి గడప తొక్కని అల్లుడి సంగతి ఎత్తుకున్నారు. తమ ఇంట్లో అటువంటి తగవు ఎందుకు మొదలైందో ఆయన చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. ఎవరమూ అడగలేదు. నాలుగు రోజుల తర్వాత తానే వచ్చి బావకు ఫోను చేశానని మాత్రం చెప్పారు.

సన్నివేశాన్ని నోటితో మోసుకుపోయే విద్యలో వరంగల్లుకు ఉన్న పేరు చిన్నది కాదు. మిమిక్రీకి 2001లో పద్మశ్రీ పురస్కారం అందుకున్న నేరెళ్ల వేణుమాధవ్ ఈ ఊరివారే, ఆయన పేరున్న కళాప్రాంగణం మేము కూర్చునే తోటలోనే ఉన్నది. అంతటి గొంతు అందరికీ రాదు గాని, చెప్పాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది.

నేటి యువకులకు ఆ ఉబలాటం లేదని నేను అనను. వారు సన్నివేశాన్ని ముప్పై సెకన్ల ముక్కగా ఫోనులో పంపుతున్నారు, కింద ఒక నిప్పు గుర్తు పెడుతున్నారు. 1983 నాటి 'సాగర సంగమం'లో కమల్‌హాసన్ నాట్యోత్సవ ఆహ్వాన పత్రిక తిరగేస్తూ మహామహుల ఫొటోల నడుమ తన ఫొటో చూసుకునే ఘట్టాన్ని మొన్న మా మనుమడు అలాగే పంపాడు. ముందరి కథ తెలియనివారికి అందులో కనిపించేది తన ఫొటో చూసుకుని ఏడుస్తున్న మనిషి మాత్రమే. పెళ్లిళ్లలో వంటచేసే తల్లి, చేజారిన అవకాశాలు, దొరికిన చిన్నా చితకా పని, ఇవన్నీ చెబితే గాని ఆ కన్నీరు అర్థం కాదు. మనుమడికి అరగంట సేపు చెప్పాను. ఆ రాత్రి వాడు సినిమా మొత్తం చూశాడు, మరునాడు బావి గట్టు మీది నాట్యం గురించి నాకే చెప్పబోయాడు. నేను తెలియనట్టు విన్నాను.

కాబట్టి ఆ పావు పేజీకి కొన్ని షరతులు కూడా సూచిస్తున్నాను. వసూళ్ల ప్రస్తావన, మా హీరో మీ హీరో అన్న పోటీ రానివ్వకూడదు. రాసేవారు సినిమా అంతటినీ పొగడకుండా ఒక్క సన్నివేశానికి కట్టుబడాలి, దానికి ముందు ఏం జరిగిందో చెప్పాలి, వీలైతే ఎక్కడ, ఎవరి పక్కన కూర్చుని చూశారో చేర్చాలి. రాయడం రానివారు చెబితే ఇంట్లోని పిల్లలు రాసి పంపడానికి అనుమతి ఇవ్వాలి. 1988 నాటి బి.నర్సింగరావు 'దాసి' వంటి, మాటలు తక్కువగా ఉన్న చిత్రాల గురించి రాసేవారికి నాలుగు పంక్తులు ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. దొర గడీలోని నిశ్శబ్దంలో అర్చన ముఖాన్ని మాటల్లో పెట్టబోయి మా బల్లమీద ఇప్పటికి ఇద్దరం ఓడిపోయాము.

మీరు అంగీకరిస్తే మొదటి సన్నివేశం మా చిన్నమ్మదే పంపుతాను. ఆమెకు ఎనభై దాటాయి, బీడీలు మానేసి చాలా కాలమైంది. కిందటి సంక్రాంతికి పోయినప్పుడు, 'మాయాబజార్' విందులో సకినాలు లేవు కదా అని అడిగితే, "అండ్ల సకినాలు లేకుంటె అదేం పెండ్లిరా" అన్నది. ఆ ముక్కను దిద్దకుండా అచ్చువేయాలని ప్రార్థన.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ