డిలీషన్ పరీక్ష చేయకుండానే 'జన్యు కారణం లేదు' అన్న రిపోర్టుపై ఫిర్యాదు

ల్యాబ్ మేనేజర్ గారికి,

విషయం: ఏడు నెలల పాప ఎపిలెప్సీ ప్యానెల్ (మూర్ఛకు సంబంధించిన జన్యువుల పరీక్ష) - రిపోర్టు సవరణ, మిగిలిపోయిన పరీక్ష గురించి.

అయ్యా,

మా విభాగం నుంచి పర్పుల్ మూత ఈడీటీఏ ట్యూబులో 2 మి.లీ. రక్తం పంపాం. ఫారంలో 'సీక్వెన్సింగ్‌తో పాటు డిలీషన్/డూప్లికేషన్' గడిలో టిక్ ఉంది, అంటే జన్యువు అక్షరాలు చదవడంతో పాటు, అందులో ముక్కలు ఎగిరిపోయాయో, రెట్టింపయ్యాయో కూడా చూడమని. బిల్లులో దానికి విడిగా డబ్బు కూడా పడింది. రిపోర్టు మొదటి పేజీలో మాత్రం లావుపాటి అక్షరాల్లో 'జన్యు కారణం లేదు'. నాలుగో పేజీ అడుగున, భూతద్దం పెట్టి చూడాల్సిన అక్షరాల్లో, 'పెద్ద డిలీషన్లు ఈ పరీక్ష పరిధిలోకి రావు'. మరి డబ్బు దేనికి తీసుకున్నట్టు?

పాపకు ఐదో నెలలో జ్వరంతో ఫిట్స్ మొదలయ్యాయి. ఒక పక్కే కొట్టుకుంటూ అరగంట దాటాయి, తర్వాతిసారి రెండో పక్క వచ్చాయి. వేడినీళ్ల స్నానానికీ వస్తున్నాయి. డ్రావే సిండ్రోమ్ (పసితనంలోనే మొదలయ్యే తీవ్రమైన మూర్ఛ జబ్బు) అనుమానం అని ఫారంలోనే రాశాం. అందులో ఎక్కువమందికి ఎస్‌సీఎన్1ఏ జన్యువులోనే దోషం ఉంటుంది. జన్యువులో అక్షరం మారితే సీక్వెన్సింగ్‌లో దొరుకుతుంది. జన్యువుకున్న రెండు కాపీల్లో ఒకదాంట్లో కొన్ని ఎక్సాన్లు (ప్రొటీన్ తయారీకి సూచనలుండే ముక్కలు) గానీ, జన్యువు మొత్తం గానీ ఎగిరిపోతే మెషీను రెండో కాపీని చదివేసి ఊరుకుంటుంది, రిపోర్టు శుభ్రంగా వస్తుంది. దాన్ని పట్టాలంటే ఎంఎల్‌పీఏ (ఒక్కో ఎక్సాన్ ఎన్ని కాపీలుందో లెక్కపెట్టే పరీక్ష) చేయాలి, లేదా రీడ్ డెప్త్‌ను (మెషీను ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివిందో ఆ లెక్కను) బట్టి కాపీలు లెక్కగట్టాలి. మీరు ఇచ్చింది 'సగటు డెప్త్ 100' అన్న ఒక్క అంకె. సగటుతో మాకేం పని? ఏ ఎక్సాన్‌లో 20 కంటే తగ్గిందో చెప్పాలి.

ఈ 'లేదు'ను నమ్మి ఎవరైనా కార్బమజెపిన్, లామోట్రిజిన్ లాంటి ఫిట్స్ మందులు మొదలుపెడితే డ్రావేలో ఫిట్స్ ముదురుతాయి. ఎస్‌సీఎన్1ఏ తయారుచేసే సోడియం చానెల్ (నాడీకణంలోకి సోడియం వెళ్లే దారి) ముఖ్యంగా పనిచేసేది మెదడు ఉద్రేకాన్ని అణచే నాడీకణాల్లో. అసలే సగానికి పడిపోయిన సోడియం చానెళ్లను ఆ మందులు ఇంకా మూసేస్తాయి. అదే కేసీఎన్‌క్యూ2 అనే మరో జన్యువు దోషంతో పుట్టిన వారంలోపే ఫిట్స్ వచ్చే బిడ్డకు చాలాసార్లు కార్బమజెపినే పనిచేస్తుంది. మందు చీటీ రాసేముందు జన్యువు పేరు అడిగేది ఇందుకే.

'తర్వాతి కాన్పుకు ప్రమాదం లేదు' అన్న వాక్యం ఎవరు రాశారో గానీ, వెంటనే తీసేయండి. కారణమే దొరకనప్పుడు ఆ మాట ఎలా అంటారు? దొరికి, బిడ్డలో కొత్తగా పుట్టిన మార్పని తేలినా, తల్లిదండ్రుల్లో ఒకరికి మొజాయిసిజం (కొన్ని కణాల్లో మాత్రమే ఆ మార్పు ఉండడం) ఉండే అవకాశం మిగిలే ఉంటుంది.

మీ దగ్గరున్న డీఎన్ఏ మీదే 10 రోజుల్లో, అదనపు డబ్బు అడక్కుండా, ఎస్‌సీఎన్1ఏకి ఎంఎల్‌పీఏ చేసి పంపండి. చేయలేకపోతే ఆ డీఎన్ఏనూ, డిలీషన్ పరీక్షకు కట్టించుకున్న సొమ్మునూ తిప్పి పంపండి. ఈలోగా మొదటి పేజీలో 'సీక్వెన్సింగ్‌లో దొరకలేదు, డిలీషన్లు చూడలేదు' అని మార్చి, సవరించిన రిపోర్టును కుటుంబానికీ ఇవ్వండి.

ఇట్లు,
పిల్లల నరాల వ్యాధుల విభాగం, జెనెటిక్ కౌన్సెలింగ్ బృందం