కంప్యూటర్ల జప్తుకు పద్ధతి, గడువు ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

సైబర్ నేరాల దర్యాప్తులో పోలీసులు ఫోన్లు, కంప్యూటర్లు తీసుకెళ్లి నెలల తరబడి తిరిగి ఇవ్వకపోవడం గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. రాష్ట్ర సరిహద్దు అవతల తెలంగాణలోని బాసర వైపున్నంత మంది బంధువులే మాకు ఇవతలా ఉన్నారు. ఇంట్లో తెలుగు, ప్రభుత్వ కచేరీల్లో మరాఠీ మాకు అలవాటైన సంగతే.

మా తమ్ముడు ఇక్కడ చిన్న నెట్ సెంటర్ నడుపుతాడు. అతని దగ్గరికి వచ్చిన ఎవరో ఒక దొంగ ఖాతాతో వేరొకరిని మోసం చేశారన్న ఫిర్యాదుపై నిరుడు పోలీసులు వచ్చారు. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం ఉంచవలసిన రిజిస్టరును తమ్ముడు తీసి, ఆ రోజు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి పేరు చూపించాడు. అయినా మూడు సీపీయూలూ, తమ్ముడి ఫోనూ, ఇంట్లో అతని కూతురు చదువుకు వాడుకునే ల్యాప్‌టాప్‌తో సహా తీసుకెళ్లారు. పంచనామాలో రాసింది ఇంతే: నల్లరంగు సీపీయూలు మూడు, వాడిన మొబైల్ ఒకటి, ల్యాప్‌టాప్ ఒకటి. సీరియల్ నంబరు లేదు, ఫోనుకుండే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు లేదు. నిజామాబాద్‌లో తెలుగు మాధ్యమంలో చదివిన తమ్ముడు మరాఠీ ధారాళంగా మాట్లాడతాడు గాని, ఆ గొలుసుకట్టు రాత చదవలేక, చదివి వినిపించే వారు లేక సంతకం పెట్టాడు. అన్నీ గోనెసంచిలో వేసి జీపు ఎక్కించారు. జీపు మలుపు తిరిగే దాకా సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది.

ఆ ఫోన్ మోత నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. నెట్‌వర్క్‌కు అంది ఉన్న ఫోనులోకి కొత్త సందేశాలు వస్తాయి, పాతవి తొలగిపోవచ్చు, దూరాన్నుంచి ఎవరైనా మొత్తం చెరిపేయవచ్చు కూడా. అందుకే సిగ్నల్ చొరబడని ప్రత్యేకమైన సంచిలో పెట్టాలన్న జాగ్రత్తను కర్ణాటక హైకోర్టు 2021లో వీరేంద్ర ఖన్నా కేసు తీర్పులో చెప్పింది. గోనెసంచి వల్ల నష్టపోయేది మా తమ్ముడు ఒక్కడే కాదు, మోసపోయి ఫిర్యాదు చేసిన మనిషి కూడా. సాక్ష్యం చెడిపోతే ఆయనకు న్యాయం ఎక్కడిది?

దర్యాప్తుకు కావలసింది యంత్రం కాదు, అందులోని సమాచారం. హార్డ్ డిస్కులో ఒక్క అక్షరమూ మారకుండా నకలు తీసే పరికరాలున్నాయి. ఆ నకలుకు హాష్ విలువ అనే అంకెల వరుస కట్టి పంచనామాలో రాస్తే, తర్వాత ఎవరు ఒక్క అక్షరం మార్చినా ఆ విలువ మారిపోయి పట్టుబడుతుంది. కొత్త భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇవ్వవలసిన ధ్రువపత్రం నమూనాలోనే హాష్ విలువకు చోటు పెట్టారు. చట్టం ఇంత దూరం వచ్చాక పంచనామా మాత్రం ఇంకా నల్లరంగు దగ్గరే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే కొత్త నేర విచారణ చట్టం 105వ సెక్షన్ ప్రకారం సోదాను, జప్తును, జాబితా రాసి సంతకాలు తీసుకోవడాన్ని వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. 497వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందుంచిన సొత్తుకు పద్నాలుగు రోజుల్లో వివరణ తయారు చేయించి, ఆపై ముప్పై రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. సొత్తును ఠాణాలో పదిహేను రోజులు, మహా అయితే నెల కంటే ఎక్కువ ఉంచరాదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. అయితే సొత్తు కోర్టు ముందుకు వస్తేనే కదా 497వ సెక్షన్ గడువులు మొదలయ్యేది! మా తమ్ముడి సీపీయూలు ఎనిమిది నెలలుగా ఠాణాలో జప్తు సొత్తు ఉంచే ముద్దేమాల్ గదిలోనే ఉన్నాయి. వెళ్లి అడిగినప్పుడల్లా ల్యాబ్‌కు పంపాలనే సమాధానం.

సైబర్ మోసాలతో జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్న వారు మా ఊళ్లోనూ ఉన్నారు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఏడ్చిన వారిని నేనే చూశాను. పోలీసుల చేతులు కట్టేయమని నేను అనడం లేదు. పరికరాల జప్తుకు మార్గదర్శకాలు రూపొందించాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని అడగగా, అవి వచ్చేదాకా సీబీఐ మాన్యువల్‌ను పాటిస్తామని ఆ డిసెంబరులో కేంద్రం చెప్పింది. ఆ మాట తాలూకా ఠాణా దాకా చేరిన జాడ మాకు కనబడలేదు.

నాందేడ్ జిల్లా పోలీసు అధికారులను నేను కోరేది పెద్దదేమీ కాదు. పంచనామాలో ప్రతి పరికరం నంబరూ రాయించండి, సంతకం పెట్టే మనిషికి తెలిసిన భాషలో దాన్ని చదివి వినిపించండి, నకలు తీసుకున్న వెంటనే యంత్రాన్ని సుపుర్ద్‌నామా (అడిగినప్పుడు తెచ్చి చూపుతానని రాసిచ్చే పత్రం) మీద సొంతదారుకు అప్పగించండి. కేసుతో సంబంధం లేని చదువుకునే పిల్ల ల్యాప్‌టాప్‌ను మాత్రం నకలు కోసం కూడా ఆపకుండా ఈ వారమే తిరిగి ఇప్పించమని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ఆమె చివరి సంవత్సరం ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా