విద్యార్థి సంఘాల ఎన్నికలను పునరుద్ధరించండి: ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి నమస్కారములు.

నెల్లూరు జిల్లా రైతు కుటుంబంలో పుట్టి, 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షులైన ముప్పవరపు వెంకయ్యనాయుడు గారు 1978లో ఉదయగిరి నుంచి శాసనసభకు ఎన్నికై, 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. ఆయన పార్టీ సిద్ధాంతాలతో నాకు ఏకీభావం లేదు. అయినా తోటి విద్యార్థులను ఓటు అడిగి, వారికి జవాబుదారీగా నిలిచే అవకాశం ఆనాడు ఉండేదని గుర్తుచేయక తప్పదు. ఇప్పుడు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా ఆ ఎన్నికలే లేవు. నాయకత్వం కోరుకునే విద్యార్థికి పార్టీ పెద్దల ప్రాపకమే దిక్కవుతోంది. వారసత్వం లేని పిల్లలకు ఇది తీరని అన్యాయం.

హింస, ధనప్రభావం గురించిన భయం నిరాధారమైనది కాదు. అందుకే విద్యార్థి సంఘాల ఎన్నికలపై కేంద్ర ప్రభుత్వం నియమించిన లింగ్డో కమిటీ అభ్యర్థి ఖర్చును 5,000 రూపాయలకు పరిమితం చేసి, వయోపరిమితి, హాజరు నిబంధనలు విధించి, ప్రధాన పదవులకు ఒక్కసారే పోటీ చేయాలని సూచించింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సిఫార్సుల అమలుకు ఆదేశించింది. ఖర్చు పరిమితిని నేటి ధరలకు తగినట్లు సవరించమని అడగవచ్చు గానీ, ఎన్నికలనే పక్కనపెట్టడానికి అది కారణం కాదు.

వచ్చే విద్యాసంవత్సరానికి ముందే ఎన్నికల షెడ్యూలు ప్రకటించవలసిందిగా ఉపకులపతులకు లేఖ రాయాలని, ఫిర్యాదుల పరిష్కార విభాగాన్ని ప్రతి ప్రాంగణంలోనూ ఏర్పాటు చేయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పూర్వ విద్యార్థి